మోగే మిషిన్ దగ్గర మలుపు

మొన్న మా కంపెనీ లారీలో, ఇక్కడ సౌదీలోని ఖమీస్ ఊళ్ళో పాత బజారుకు పని మీద వెళుతుంటే, డ్రైవరు తన ఫోనును ముందు అద్దం దగ్గర తగిలించి, అందులోని ఆడగొంతు కుడికి తిరగమంటే కుడికీ ఎడమకు తిరగమంటే ఎడమకూ తిరుగుతూ, ఒకే చౌరస్తాను రెండుసార్లు చుట్టి వచ్చాడు. రాయచోటి వైపు మనిషి, మంచివాడు, నన్ను పెద్దాయన అని పిలుస్తాడు. నేను దారి చెప్పబోతే, "నువ్వు ఊరికే కూచో పెద్దాయనా, అది చెప్తాది గదా, ఇనుకుంటా పోదాం" అన్నాడు. సరే, చెప్పనీ అని నోరు మూసుకున్నాను. కళ్ళకు గంతలు కట్టి వదిలినా పోగలిగిన చోటికి ఫోను నాకు దారి చెప్పడమేమిటని నవ్వుకోబోయాను గానీ, గంతలు అన్న మాట మనసులో మెదలగానే మా అన్న గుర్తుకొచ్చాడు. ఇక నవ్వు రాలేదు.

ఆ రోజు పని ఏమిటంటే, పాత బజారులో వెండి నగల సందు నుంచి దర్జీల గల్లీ దాకా ఉన్న దుకాణాలను పడగొట్టబోతున్నారు. గోడల్లో బిగించి ఉన్న పాత ఏసీ మిషిన్లను అంతకుముందే ఊడదీసి లారీకి ఎక్కించాలి. వాటిలో సగం ఒకప్పుడు నేను బిగించినవే, మిగిలిన సగం నేను బాగుచేసినవే. కంపెనీ ఏదో ఆలోచించి నన్ను పంపిందనుకోకండి, ఆ పూట ఖాళీగా ఉన్నది నేను, అంతే. ముసలి మెకానిక్కుకు ఇప్పుడిలాంటి పనులే మిగులుతాయి. నా ఇఖామా, ఇక్కడ ఉండనిచ్చే కార్డు, ఇంకొక్కసారి రెన్యువల్ అయితే గొప్ప. మన ఈడువాళ్ళకు విడమరచి చెప్పనక్కర్లేదు: ఇక్కడ ఉండటానికి కారణమంటూ ఏమీ ఉండదు, పోదామంటే కాళ్ళూ కదలవు.

మాది జగిత్యాల పక్కన పల్లె, కుట్టుమిషను మీద బతికిన ఇల్లు. మా నాయిన దగ్గర పని నేర్చుకున్నది అన్న. నాకు సూది పట్టడం చేతకాక స్క్రూడ్రైవరు పట్టాను. అన్న నాకంటే చాలా ముందే ఖమీస్ చేరాడు. ఊరి పక్కనే పెద్ద మిలిటరీ స్థావరం ఉండటం వల్ల, సిపాయిల యూనిఫారాలు కుట్టే దుకాణాలు పాత బజారులో ఒక గల్లీ పొడవునా ఉండేవి. వాటిలో ఒకదాంట్లో, ఒక పాకిస్తానీ ఉస్తాద్ చేతి కింద, భుజాల మీది పట్టీలూ ఛాతీ మీది పేర్లూ బొత్తాలూ చేత్తో కుట్టడం అన్న పని. ఆ తర్వాత కొన్నాళ్ళకు నేనూ అదే ఊరికి ఏసీల కంపెనీలో వచ్చి పడ్డాను, ఇద్దరం ఒకే గదిలో ఉండేవాళ్ళం, అది మా అదృష్టమని ఊళ్ళో అందరూ అనుకునేవారు.

శుక్రవారం వస్తే గదిలో తక్కినవాళ్ళు బట్టలు పిండుకుని, మాంసం వండుకుని, కడుపునిండా తిని పడుకునేవారు. మా అన్న మాత్రం, ఊరందరిదీ ఒక దారి ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, అసర్ నమాజు అయ్యి దుకాణాల షట్టర్లు లేచే వేళకు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని, నన్ను లేపి బజారు నడవడానికి బయలుదేరేవాడు. కొనేది ఏమీ లేదు. నడవడమే పని. వారమంతా గోడలెక్కి దిగి ఒళ్ళు హూనమైన నేను మొదట్లో తిట్టుకుంటూ పోయేవాణ్ణి, తర్వాత తర్వాత అన్న లేపకముందే లేచి కూర్చునేవాణ్ణి.

ఆ బజారు మీ కళ్ళకు కట్టేలా చెప్పగలనో లేదో తెలియదు. ఖమీస్ అంటేనే గురువారం. గురువారం సంత పేరే ఊరికి పడింది. మా గది బజారుకు ఎగువన, గుట్ట వారగా ఒక పాత ఇంట్లో ఉండేది. అక్కడి నుంచి మెట్లు దిగి వస్తే ముందు ఆఫ్ఘనీల రొట్టెల బట్టీ తగులుతుంది, దాని గోడ ఎప్పుడూ వెచ్చగా ఉండేది. అది దాటితే తేనె దుకాణాలూ మసాలా దుకాణాలూ, ఏలకులూ అల్లం పొడీ కలిసి ముక్కు పుటాలు అదిరే వాసన. ఆపైన వెండి నగల సందు, ఆ సందు మొదట్లో గడ్డి టోపీలు పెట్టుకుని, రుద్రజడ వంటి ఆకు కట్టలు ముందర పోసుకుని కూర్చునే ముసలి ఆడవాళ్ళు. సందు చివర కార్లు తిరిగే పెద్ద వీధి ఒకటి దాటాలి. దాటగానే మూల మీద ఒక యమనీ ముసలాయన గిన్నెల దుకాణం, దాని పక్క నుంచి మలుపు తిరిగితే అన్న పనిచేసే దర్జీల గల్లీ. ఇంతే దారి. ఈ దారినే అన్న వారం వారం కొత్తగా చూసేవాడు. ప్రతి దుకాణం గడప దగ్గరా నిలబడి సలామలైకుం చెప్పడం, వేలాడుతున్న గుడ్డను రెండు వేళ్ళ మధ్య నలిపి ఇది ఫలానా సరుకు అని నాకు పాఠం చెప్పడం, ఇది మన జగిత్యాల టవర్ కాడి గల్లీ లెక్క లేదూ అని మురిసిపోవడం. ఎక్కడి జగిత్యాల, ఎక్కడి ఖమీస్! ఐనా ఔననేవాణ్ణి.

నమాజు వేళకు షట్టర్లు గడగడా పడిపోతే ఇద్దరం ఏదో ఒక మెట్టు మీద కూర్చుని, మళ్ళీ షట్టర్లు లేచేదాకా ఊరి ముచ్చట్లు చెప్పుకునేవాళ్ళం. నా జీవితంలో సుఖంగా కూర్చున్న చోట్లు ఏవని ఎవరైనా అడిగితే ఆ మెట్లే చెబుతాను.

ఆ తర్వాత అన్నకు షుగరు కళ్ళ మీదికి వచ్చింది. మొదట సూదిలో దారం ఎక్కడం మానేసింది. దుకాణంలో ఎవరికీ తెలియకూడదని, పొద్దున్నే టీ కంటే ముందు నేను సూదులన్నింటికీ దారాలు ఎక్కించి అన్న చొక్కా లోపలి అంచుకు వరసగా గుచ్చి పంపేవాణ్ణి. సూది పట్టడం చేతకాదని నాయినతో మొట్టికాయలు తిన్నవాణ్ణి, ఆ పని ఆ వయసులో నేర్చుకున్నాను. ఈజిప్టు నుంచి వచ్చిన మిస్రీ డాక్టరు లైటు వేసి చూసి, కంటి వెనక తెర పాడైందనీ, పోయినది ఇక రాదనీ, ఉన్నది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేననీ అన్నాడు. ఒక కన్ను అప్పటికే పోయింది, రెండోదానిలో పొగ చాటున కనబడినట్టు ఏదో కొంచెం. బయటికి వచ్చాక అన్న, "గుడ్డికన్ను మూసినా ఒక్కటే తెరిసినా ఒక్కటే, పా తమ్మీ, చాయ్ తాగుదాం" అన్నాడు. 

ఉస్తాద్ గడుసువాడు, ఆయనకు తెలియకపోతుందా? ఒకరోజు నన్ను పిలిపించి పక్కకు తీసుకెళ్ళి, ఉన్నమాట చెప్పాడు. వేలితో తడుముకుని బొత్తాలు కుట్టడానికి కళ్ళతో పనిలేదు, ఇస్త్రీకీ అంతగా అక్కర్లేదు, ఆ రెండూ ఇస్తాను. కానీ మీ అన్నకు వీసా ఇచ్చిన యజమాని, ఆ కఫీల్, వచ్చిపోతుంటాడు, చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టే మనిషిని ఆయన చూశాడంటే మరునాడే ఎగ్జిట్ వేసి దేశానికి పంపేస్తాడు. "జబ్ తక్ ఖుద్ చల్‌కే ఆతా హై, తబ్ తక్ కామ్ హై, భాయ్" అన్నాడు. తనంతట తాను నడిచి వచ్చినన్నాళ్ళే పని. అన్యాయపు మాట అని అప్పుడు కోపం వచ్చింది గానీ, తలచుకుంటే అంతకన్నా దయగా ఆ రోజుల్లో మాతో ఎవరూ మాట్లాడలేదు.

నేను అన్నను ఇంటికి పొమ్మన్నాను. వదిన ఉంది, కొడుకు ఉన్నాడు, చేసిపెట్టేవాళ్ళు ఉన్నారు. అన్నకు ఎప్పుడూ రాని కోపం వచ్చింది. "ఇంటికి వోతె ఏమైతదిరా? మంచంల కూసోవెట్టి బువ్వ వెడ్తరు. తినుడు, కూసునుడు. గాడ నేను గుడ్డోన్ని. ఈడ బజార్ల నడిశె మనిషిని" అన్నాడు.  అప్పటి నుంచి మా శుక్రవారాలు మారిపోయాయి. అన్న నడక సరదా నడక కాదు, ఆ కొంచెం చూపూ ఆరిపోకముందే గది నుంచి దుకాణం దాకా దారి మొత్తాన్ని ఒంటికి పట్టించుకోవాలి. పట్టుబడితే ఉంటాడు, లేకపోతే మంచం.

రొట్టెల బట్టీ వెచ్చదనం అన్నకు ముందే తెలుసు, మసాలాల వాసన తెలుసు. కష్టమల్లా ఆ తర్వాతే. వెండి సందులో ఎక్కడున్నామో, పెద్ద వీధి ఎక్కడ వస్తుందో, అన్నిటికన్నా ముఖ్యంగా గిన్నెల దుకాణం దగ్గర ఎక్కడ తిరగాలో తెలియాలి. ఆ మలుపు తప్పితే ఇక సంతలో పడిపోవడమే, అక్కడ ఏ దిక్కూ తెలియదు. అప్పుడు నా బుర్రలో ఒక ఆలోచన మెరిసింది, మెకానిక్కు బుర్ర కదా. ఆ సందుల్లో ప్రతి దుకాణం తలుపు మీదా ఒక కిటికీ ఏసీ, దాని వీపు బయటికి పొడుచుకు వచ్చి, నీళ్ళు కారుతూ మోగుతూ ఉండేది. ఏ మిషిన్ ఎలా మోగుతుందో నాకు నా పిల్లల గొంతుల్లాగా తెలుసు. అన్నను ఒక్కోదాని కింద నిలబెట్టి పరిచయం చేశాను. ఇది వెండి దుకాణంది, కొత్తది, తేనెటీగలాగా సన్నగా పాడుతుంది. ఇది అత్తర్ల దుకాణంది, ఫ్యాను బేరింగు అరిగి కీచుమంటుంది. ఇది ఆగి ఆగి దగ్గుతుంది. గిన్నెల దుకాణంది మాత్రం డబ్బా మిషిన్, దాని రేకు మూతకు ఒక స్క్రూ వదులై, గులకరాళ్ళు పోసిన డబ్బా ఆడించినట్టు వీధి అవతలి నుంచే వినబడేది. అన్న కళ్ళు మూసుకుని నిలబడి, ముఖం పైకెత్తి వినేవాడు. "వీడు మన మామ లెక్క, నిద్రల గూడ ఊకోడు" అన్నాడు డబ్బా మిషిన్ని, అప్పటి నుంచి మా ఇద్దరికీ దాని పేరు మామ.

ఇందులో ఒక చిక్కు వచ్చింది. ఆ యమనీ ముసలాయన మా కంపెనీకి ఫోన్ల మీద ఫోన్లు: ఈ చప్పుడుతో బేరాలు వినబడటం లేదు, బాగుచెయ్యండి. కంపెనీ పంపేది నన్నే. నేను నిచ్చెన వేసి, ఎక్కి, మూత తీసి దుమ్ము దులిపి, మూత పెట్టి, ఆ ఒక్క స్క్రూ మాత్రం వదిలేసి దిగేవాణ్ణి. ఆయన "హాదా ఖర్బాన్, ఖర్బాన్!" అని నెత్తి కొట్టుకునేవాడు, పాడైపోయింది మొర్రో అని. నేను అందరు మెకానిక్కులూ చెప్పే మాటే చెప్పేవాణ్ణి, పార్టు రావాలి, పై ఊరి నుంచి రావాలి అని. ఎప్పుడొస్తుందని అడిగితే వాళ్ళ మాటే వాళ్ళకు అప్పజెప్పేవాణ్ణి, బుక్రా, రేపు, ఇన్షాల్లా. ఆ వేసవంతా జీతం తీసుకుంటూ ఒక చప్పుడును కాపాడుకుంటూ వచ్చాను.

వేసవి చివరికి అన్న ఒంటరిగా నడవసాగాడు. నేను వెనకాల, దూరంగా, పనికి ఆలస్యమైనా సరే, మలుపు తిరిగేదాకా చూసి పోయేవాణ్ణి. పెద్ద వీధి దగ్గర అందరితోపాటు ఆగి, పక్కవాళ్ళ అడుగులు కదలగానే తానూ కదిలేవాడు. చేతిలో కర్ర లేదు, నడకలో తడబాటు లేదు. మామ గొంతు వినబడగానే తల ఇంత పంకించి, పెళ్ళివారింటికి పోతున్నవాడిలా మలుపు తిరిగేవాడు. నాకు గర్వంతో కళ్ళు చెమ్మగిల్లేవి. ఇంకేం, ఇక గండం గడిచిందనుకున్నాను.

కార్తీకం వచ్చింది. సౌదీ అంటే పన్నెండు నెలలూ కొలిమి అనుకునే మనవాళ్ళకు చెబితే నమ్మరు గానీ, ఖమీస్ కొండమీది ఊరు. చలి మొదలైతే పొగమంచు దిగి, రెండు కంబళ్ళు కప్పుకున్నా పళ్ళు టకటకలాడతాయి. చలికాలం వస్తే ఏసీ పనులు ఉండవు, ఏటేటా మా కంపెనీ మమ్మల్ని పైపుల పనికీ రంగుల పనికీ తోలుతుంది. ఏటేటా పోతున్నవాణ్ణి నేనే. చలి వస్తే ఊళ్ళో మిషిన్లన్నీ కట్టేస్తారన్న సంగతి ఖమీస్‌లో నాకంటే బాగా తెలిసినవాడు ఇంకెవడు? ఇంత తెలివిగలవాణ్ణి, మా అన్న దారిని ఏసీల మీద కట్టాను.

ఒక గురువారం, సంత రోజు, ఎక్కడో గోడకు రంగు కొడుతుంటే ఉస్తాద్ ఫోను చేశాడు. మీ అన్న రాలేదు, దారిలో ఉన్నాడా అని. బకెట్టు అక్కడే వదిలి పరిగెత్తాను. వెండి సందులో అడుగు పెట్టగానే అర్థమైంది. నిశ్శబ్దం. మనుషులు అరుస్తున్నారు, బేరాలు జరుగుతున్నాయి, కానీ తలల పైన ఒక్కటీ మోగడం లేదు. ఆ బజారులో నేను అంతగా ఎన్నడూ తిరగలేదు. వెళ్ళని సందు లేదు, తొక్కని గడప లేదు, ఆకులమ్మే ముసలమ్మలను కూడా సైగలతో అడిగాను. చివరకు సంత అవతలి అంచున, మేకలమ్మే చోట కనబడ్డాడు. ఇస్త్రీ చొక్కాతో, ఒక చెయ్యి గోడకు ఆనించి, ఎవరి కోసమో ఎదురుచూస్తున్న పెద్దమనిషిలా నిటారుగా నిలబడి ఉన్నాడు. చుట్టూ మేకలు. నా అడుగుల చప్పుడు గుర్తుపట్టి, నేను నోరు తెరవకముందే, "ఏమాయెరా నీ మిషిన్లకు? అన్ని ఒక్కనాడే సచ్చినయా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. గోడకు ఆనించిన చెయ్యి మాత్రం తియ్యలేదు. నేను అక్కడే ఏడ్చేశాను.

ఆ సాయంత్రం యమనీ ముసలాయన దగ్గరికి వెళ్ళాను. నాకు వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కలతో, అఖూయా, ఐన్ మాఫీ అన్నాను, మా అన్నకు కళ్ళు లేవని. మలుపు చూపించాను, చెవి చూపించాను, పైనున్న మిషిన్ను చూపించాను. ఇన్నాళ్ళూ స్క్రూ ఎందుకు బిగించలేదో అప్పుడాయనకు అర్థమైంది. తిడతాడనుకున్నాను. కాసేపు గడ్డం నిమురుకుని, లేచి వెళ్ళి మీట తిప్పాడు. చల్లగాలి రాకుండా ఒట్టి ఫ్యాను మాత్రం తిరిగేలా పెట్టాడు. మామ గడగడా నోరు విప్పాడు. ఆనాటి నుంచి, అంత చలిలో, గిరాకీలు చెవులు మూసుకుని ఈయనకు మతి పోయిందా అని గొణుక్కున్నా, పొద్దున అన్న వచ్చే వేళకూ సాయంత్రం అన్న తిరిగిపోయే వేళకూ ఆ డబ్బా మోగుతూనే ఉండేది. ఆయన పేరు కూడా నాకు సరిగా తెలియదు. ఎవరి దేవుడో గానీ ఆయన్ను చల్లగా చూడాలి.

అలా కొన్నేళ్ళు గడిచాయి. అన్న రెండో కంటి చూపు కూడా పూర్తిగా ఆరిపోయింది, కఫీల్‌కు తెలియలేదు. బొత్తాలు కుట్టాడు, ఇస్త్రీ చేశాడు, శుక్రవారాలు బజారులో సలామలైకుం చెప్పుకుంటూ తిరిగాడు. మా ఇద్దరి జీవితంలో చేసిన పని ఏదైనా గెలిచిందంటే అదొక్కటే గెలిచింది.

ఓడించింది కఫీల్ కాదు, పోలీసు కాదు. ఎవరినీ అనడానికి లేదు. ఊరు కార్ల ఊరైపోయింది. సిపాయిలు కార్లు ఆపుకోవడానికి చోటు లేని పాత బజారుకు రావడం తగ్గించారు. దర్జీ దుకాణాలు ఒక్కొక్కటిగా స్థావరం గేటు వైపు, హైవే పక్కన కట్టిన కొత్త గదుల్లోకి జరిగాయి. ఒకరోజు మా ఉస్తాద్ దుకాణం కూడా జరిగింది. శుక్రవారం అన్నా నేనూ అక్కడికీ వెళ్ళాం, ఆ దారి కూడా నేర్చుకుందామని. నేర్చుకోవడానికి దారంటూ ఉంటే కదా! ఫుట్‌పాత్ లేదు, గోడ లేదు, వాసన లేదు, పక్కన నడిచే మనిషి లేడు. దూసుకుపోయే కార్ల హోరు తప్ప ఇంకేమీ లేదు. అన్న రోడ్డు అంచున నిలబడి చాలాసేపు తల అటూ ఇటూ తిప్పి విన్నాడు. తర్వాత నా మోచెయ్యి పట్టుకున్నాడు. అన్నాళ్ళలో అదే మొదటిసారి తనంతట తాను నా చెయ్యి పట్టుకోవడం.

ఎగ్జిట్ మీద పంపేటప్పుడు విమానాశ్రయంలో చక్రాల కుర్చీ తెచ్చారు. అన్న వద్దన్నాడు, నడుస్తానన్నాడు. అక్కడి పిల్లవాడు ఎంతో మర్యాదగా, నిబంధన అని చెప్పి కూర్చోబెట్టాడు. కుర్చీలో కూర్చుని పోతున్న అన్న వీపు చూస్తూ నిలబడిపోయాను. నేను అంతవరకు ఆ వీపు నడుస్తుండగానే చూశాను.

ఇప్పుడు అన్న అన్నట్టే జరిగింది, ఒక్క ముక్క తేడా లేదు. కొడుకూ కోడలూ బంగారం లాంటి మనుషులు, కాలు కింద పెట్టనివ్వరు. మంచం దగ్గరికే అన్నం, మంచం దగ్గరికే నీళ్ళు. నేను పంపిన చెప్పుల జత అడుగున మట్టి కూడా అంటకుండా గూట్లో ఉందని వదిన చెప్పింది. గుమ్మం దాటితే బండ్లు, కుక్కలు, పడతావు, వద్దంటారు, వాళ్ళనీ తప్పు పట్టలేం. అన్నకు మిగిలిందల్లా నాకు ఫోను చెయ్యడం. మొదట్లో శుక్రవారం పూట నన్ను బజారులో నడిపించేవాడు, ఫోను జేబులో పెట్టుకుని నడువురా నేను వింట అని. బట్టీ దగ్గర ఆగమనేవాడు, వెండి సందులో మెల్లగా పొమ్మనేవాడు. పోను పోను దుకాణాలు మూతపడ్డాయి, బట్టీ పోయింది, ఆకుల ముసలమ్మలు కనబడటం మానేశారు, యమనీ ముసలాయన తన దేశం వెళ్ళిపోయి మరి రాలేదు. ఏదైనా కల్లబొల్లి మాట చెప్పి సంతోషపెడదామా అంటే చెవులతో బతికిన మనిషికి అబద్ధం ఏం చెబుతాం? మూసిన షట్టర్ల ముందు నా అడుగులు ఎలా మోగుతాయో ఆయనకు తెలుసు. రాను రాను నడవమని అడగడం మానేశాడు, తిన్నవా, పన్నవా, అంతే.

మొన్న ఆ డ్రైవరు ఫోను చెప్పిన దారినే చివరికి పాత బజారు చేరాం. ఒక్కో మిషిన్ను ఊడదీసి కిందికి దించాను. వెండి దుకాణంది, అత్తర్ల దుకాణంది, దగ్గేది. చివరకు మూల మీది మామ. మీట తిప్పి చూశాను, కరెంటు ఎప్పుడో తీసేశారు. నిచ్చెన మీదికెక్కి రేకు మూత పట్టుకుంటే కదిలింది; ఆ స్క్రూ అలాగే వదులుగా ఉంది, ఇన్నేళ్ళలో ఎవరూ బిగించలేదు. దించి నా కాళ్ళ దగ్గర పెట్టుకుని, మెట్టు మీద కూర్చుని చెమట తుడుచుకుంటుంటే అన్న ఫోను వచ్చింది.

"యాడున్నవ్ తమ్మీ?" అన్నాడు.

నోరు జారింది. గిన్నెల దుకాణం కాడ అన్నాను.

 అవతల వింటున్నాడని తెలుసు. ఏళ్ళ తర్వాత, మంచం మీద కూర్చుని, ముఖం పైకెత్తి. చాలాసేపటికి, "మామ మోగుత లేడేందిరా?" అన్నాడు. నా కాళ్ళ దగ్గరున్న ఆ తుప్పు పట్టిన డబ్బా వైపు చూస్తూ ఉండిపోయాను.  అన్నే అన్నాడు, "సలికాలం గద, బంద్ వెట్టి ఉంటరు తియ్."

అది రోహిణి కార్తె. మా ఊళ్ళో రోళ్ళు పగిలే ఎండ. అన్న పైన ఫ్యాను గిరగిరా తిరుగుతున్న చప్పుడు ఫోనులో నాకు వినబడుతూనే ఉంది. ఔనన్నా, చలికాలమే, బంద్ పెట్టారు అన్నాను. మంచిది అని ఫోను పెట్టేశాడు.

లారీ కదిలాక మళ్ళీ ఆ ఆడగొంతు మొదలుపెట్టింది, కుడికి తిరగండి, ఎడమకు తిరగండి. ఇప్పుడు ఎవరికీ ఏ ఊరూ తెలియనవసరం లేదు, ఏ మలుపు దగ్గరా ఎవరి కోసమూ ఏదీ మోగనవసరం లేదు. వచ్చేవాళ్ళకు అది సుఖమే కావచ్చు, నేను కాదనను. కానీ ఆ దారి తెలిసినవాళ్ళం ఇద్దరమే మిగిలాం, ఒకరు మంచం మీద, ఒకరు లారీలో, దారేమో లేదు. ఆ తర్వాత అన్న ఫోను చేసినప్పుడల్లా తిన్నవా, పన్నవా అని అడుగుతున్నాడు. యాడున్నవని మాత్రం అడగడం లేదు.